పాత పెట్టెకు కొత్త వాకిలి

పాఠ్యభాగ పరిచయం

శాస్త్ర సాంకేతిక విషయాలను సామాన్యులకు సైతం బోధపడేటట్లు తేటతెల్లంగా వివరించే రచనను విజ్ఞాన వ్యాసం అంటారు. ప్రస్తుత పాఠం ఆ కోవకు చెందినది. కారు తయారైననాడే అందులో అమర్చి వచ్చిన పాత స్టీరియోను తొలగించకుండా, నేటి సెల్‌ఫోనులోని పాటను దానికి అందించడానికి గల మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఇందులో కనిపించే కుటుంబమూ, మరమ్మతుదారుడూ కల్పితాలు. యంత్రాలకు, చరిత్రకు, ప్రాంతాలకు సంబంధించిన విషయాలు మాత్రం వాస్తవాలు. ఒక వస్తువును పారవేయడానికి ముందు దానిని అర్థం చేసుకోవాలనే దృష్టిని విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

చిత్తూరు పట్టణంలో బెల్లం మండీకి చేరువలో ఒక ఇల్లు ఉన్నదనుకొందాం. ఆ ఇంటి ముందు వేపచెట్టు నీడలో 2003లో కొన్న కారు ఒకటి నిలిచి ఉన్నది. ఇంటి యజమాని బెల్లం వ్యాపారి. పదిహేనేండ్లు నిండిన తరువాత కూడా పరీక్ష చేయించి, రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొని, ఆయన ఆ కారునే వాడుకొంటున్నాడు. అందులో కంపెనీవారు అమర్చిన స్టీరియో ఉన్నది. అది రేడియో పలుకుతుంది, క్యాసెట్టు పాడుతుంది. అంతకుమించి దానికి ఏమీ తెలియదు.

ఆయన కుమారుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. అతని ఫోనులో వేయి పాటలున్నాయి. చిత్తూరు నుండి తిరుపతికి సుమారు డెబ్బది కిలోమీటర్ల ప్రయాణం. పూతలపట్టు దాటి, చంద్రగిరి కోట మీదుగా సాగే ఆ దారిలో తన పాటలు కారులో వినాలని అతని కోరిక. స్టీరియోకు ఫోనును కలిపే మార్గం కనిపించలేదు. “ఈ పాత డబ్బా తీసి పారేద్దాం నాయనా! పెద్ద తెర ఉన్న కొత్తది పెట్టించుకొందాం” అని పట్టుబట్టాడు. తండ్రి కూడా సరేననబోయాడు.

అప్పుడు తల్లి లోపలికి వెళ్లి, బీరువా అడుగు నుండి ఒక క్యాసెట్టు తెచ్చి కుమారుని చేతిలో పెట్టింది. దాని మీద నీలిసిరాతో ‘1998 – అవ్వ’ అని వ్రాసి ఉన్నది. వేరుసెనగ కాయలు ఒలుస్తూ అవ్వ పాడుకొన్న పాటలను ఎవరో ఆనాడు ఇంటి టేపురికార్డరులో పట్టి ఉంచారు. అవ్వ పోయి ఎనిమిదేండ్లయింది. ఇంటి టేపురికార్డరు అంతకుముందే మూలపడింది. ఆ ఇంట్లో క్యాసెట్టు పాడగలిగిన యంత్రం ఆ కారులోనిది ఒక్కటే.

“దాన్ని తీసి పారేస్తే మీ అవ్వ గొంతు ఎందులో వింటావు?” అని మాత్రమే ఆమె అడిగింది.

కుమారుడు మారు పలకలేదు. మరునాడు తండ్రీకొడుకులు తిరుపతిలో నలభై ఏండ్లుగా రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేస్తున్న ఒక మరమ్మతుదారుని వద్దకు కారును తీసుకొనిపోయారు. ఆయన స్టీరియో బొత్తాములన్నీ నొక్కి చూచి, చెవి దగ్గర పెట్టి విని, “పెట్టె బాగుండాది కదప్పా! దీనికి ఒక వాకిలి తక్కువ, అంతే. గోడ పగలగొట్టకుండా వాకిలి పెడదాం” అన్నాడు.

ఆ వాకిలిని ఎక్కడ, ఏ విధంగా పెట్టవలెనో తెలుసుకొనడమే ఈ పాఠం.

పాట మార్చిన గూళ్లు

ఈ చిక్కు ఆ ఒక్క ఇంటిది కాదు. పాట ఒక గూటి నుండి మరొక గూటికి మారిన ప్రతిసారీ ఇటువంటి చిక్కు తలెత్తింది. అందుకు తిరుపతి ప్రాంతమే మంచి సాక్ష్యం. పదిహేనవ శతాబ్దిలో తాళ్లపాక అన్నమాచార్యులు రచించిన సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో ఉంచారు. శతాబ్దాల తరువాత, ఇరవయ్యవ శతాబ్దిలో ఆ రేకులు పండితుల దృష్టికి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైనవారి కృషివలన సంకీర్తనలు అచ్చుపుస్తకాలకు ఎక్కాయి. తరువాత ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వంటి గాయనీగాయకుల కంఠాలలో గ్రామఫోను రికార్డులకు, అటు తరువాత క్యాసెట్లకు, సీడీలకు చేరాయి. నేడు ఫోనులో వినబడుతున్నాయి. గూడు మారింది, పాట నిలిచింది.

అచ్చుపుస్తకాలు వచ్చినవి కదా అని రాగిరేకులను పారవేయలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని నేటికీ భద్రపరుస్తున్నది. అచ్చులోని ఒక మాటపై సందేహం కలిగితే మూలాన్ని చూడవలసినదే కదా! ఈ సంగతి విద్యార్థులు జ్ఞాపకం ఉంచుకోవాలి. పాఠం చివర దీని అవసరం మరల కలుగుతుంది.

కారులోని పాటకు సైతం ఇటువంటి చరిత్రే ఉన్నది. అమెరికాలో గాల్విన్ సోదరుల సంస్థ 1930లో ‘మోటరోలా’ అనే పేరుతో కారు రేడియోను విపణిలోకి తెచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్ సంస్థలో లూ ఓటెన్స్ నాయకత్వాన రూపొందిన చిన్న క్యాసెట్టు 1963లో లోకానికి పరిచయమైంది. 1982లో సీడీ అమ్మకానికి వచ్చింది. 1995లో ధ్వనిని కుదించి దాచే ఒక పద్ధతికి ‘ఎంపీ3’ అనే పేరు స్థిరపడింది. 1998లో బ్లూటూత్ సాంకేతికతను ప్రోత్సహించే సంస్థల కూటమి ఏర్పడింది. పదవ శతాబ్దిలో డెన్మార్కును ఏలిన హరాల్డ్ బ్లూటూత్ అనే రాజు పేరే ఆ సాంకేతికతకు పెట్టారు.

ఒక కారు ఆయుర్దాయం పదిహేను, ఇరవై సంవత్సరాలు. పాట మాత్రం పదేండ్లకొకసారి గూడు మార్చుకొంటున్నది. కావున ఏ కారులోని స్టీరియో అయినా, కారు ఇంకా తిరుగుతుండగానే, కొత్త పాటకు చెవిటిది అవుతున్నది.

అటువంటప్పుడు స్టీరియోను మార్చివేయవచ్చు కదా అని ప్రశ్న రావచ్చు. స్టీరియో 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు కలిగిన ‘డిన్’ అనే ప్రామాణిక పరిమాణంలో ఉంటే మార్చడం తేలికే. కాని అనేక కార్లలో కంపెనీ అమర్చిన స్టీరియో ముఖభాగం డ్యాష్‌బోర్డు వంపులలో కలిసిపోయి ఉంటుంది. కొన్నింటిలో గడియారం, హెచ్చరిక శబ్దాలు, స్టీరింగు మీది బొత్తాములు దానితో ముడిపడి ఉంటాయి. దానిని పీకివేస్తే అక్కడ వికారమైన సందు మిగులుతుంది. వైర్లు కోయవలసి వస్తుంది. బాగున్న యంత్రం చెత్తకుప్పకు చేరుతుంది. వీటన్నింటికీ మించి, మనం చూచిన ఇంటిలో వలె, పాత గూటిలో మాత్రమే ఉన్న పాట మూగబోతుంది.

స్టీరియో లోపలి ప్రయాణం

కొత్త వాకిలి పెట్టదలచినవాడు ముందుగా ఇంటి లోపలి గదులను తెలుసుకోవాలి. స్టీరియోలో ధ్వని నాలుగు అంచెలలో ప్రయాణం చేస్తుంది.

మొదటిది ధ్వని పుట్టే చోటు. క్యాసెట్టులో సుమారు 3.8 మిల్లీమీటర్ల వెడల్పు గల అయస్కాంతపు పట్టీ సెకనుకు సుమారు 4.76 సెంటీమీటర్ల వేగంతో ‘హెడ్’ అనే భాగాన్ని రాచుకొంటూ సాగుతుంది. పట్టీపై గల అయస్కాంత క్షేత్రంలోని మార్పులు హెడ్‌లో అత్యల్పమైన విద్యుత్తును పుట్టిస్తాయి. అది ఒక వోల్టులో వేయవ వంతుకంటె కూడా తక్కువ. దానిని పెంచడానికి, మంద్రస్వరాలను తగినట్లు సరిదిద్దడానికి ఒక ప్రత్యేకమైన చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. రేడియోకు వేరుగా ట్యూనరు ఉంటుంది.

రెండవ అంచెలో, క్యాసెట్టు వినవలెనా, రేడియో వినవలెనా అనేది నిర్ణయమవుతుంది. ఎంపిక చేసిన ధ్వని మాత్రమే ముందుకు సాగుతుంది. మూడవ అంచెలో దాని హెచ్చుతగ్గులను, స్వరస్వభావాన్ని మన చేతిలోని బొత్తాములు సవరిస్తాయి. నాలుగవ అంచెలో పవర్ యాంప్లిఫయరు దానికి బలమిచ్చి స్పీకర్లకు పంపుతుంది.

ఫోను నుండి వెలువడే ధ్వని సంకేతం బలం ఒక వోల్టులో కొన్ని పదవ వంతుల నుండి ఒక వోల్టు వరకు ఉంటుంది. దానిని టేపు హెడ్ తీగలకు కలిపితే ఏమవుతుంది? వేలాది రెట్లు చిన్నదైన సంకేతం కోసం సిద్ధపడిన చోట పెద్ద సంకేతం వచ్చిపడుతుంది. పాట చీలికలు పేలికలై, మంద్రస్వరం మితిమీరి వినిపిస్తుంది. పోనీ, స్పీకరు తీగలకు కలుపుదామంటే అది ధ్వని బయటికి పోయే దారి. లోపలికి వచ్చే దారి కాదు. అక్కడ వెలువడే విద్యుత్తు ఫోనును పాడుచేయగలదు. కాబట్టి ఫోను సంకేతానికి తగిన చోటు, ప్రత్యేక యాంప్లిఫయరు తరువాత, వాల్యూము బొత్తాముకు ముందు ఉన్నది. ఈ ఒక్క విషయం తెలిసినవానికి మిగిలిన పని సగం తెలిసినట్లే.

నాలుగు దారులు

పాత స్టీరియోకు కొత్త ధ్వనిని అందించడానికి వాడుకలో నాలుగు దారులు ఉన్నాయి.

మొదటిది క్యాసెట్టు అడాప్టరు. చూడడానికి ఇది క్యాసెట్టువలెనే ఉంటుంది. లోపల అయస్కాంతపు పట్టీకి బదులు ఒక చిన్న హెడ్ ఉంటుంది. దాని నుండి బయటికి వచ్చే వైరును ఫోనుకు తగిలిస్తే, ఫోనులోని సంకేతం మారుతున్న అయస్కాంత క్షేత్రమై స్టీరియో హెడ్‌ను చేరుతుంది. పట్టీ ఇచ్చే సంకేతాన్ని అనుకరిస్తున్నది గనుక స్టీరియో దానిని నిజమైన క్యాసెట్టే అనుకొంటుంది. ఒక్క స్క్రూ కూడా విప్పనక్కరలేదు. కాని లోపలి పళ్లచక్రాలు కిరకిరలాడుతాయి. క్యాసెట్టును తానే వెనుకకు త్రిప్పే స్టీరియోలలో కొన్ని ఈ అడాప్టరును అంగీకరించక బయటికి నెట్టివేస్తాయి.

రెండవది ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటరు. సిగరెట్టు లైటరు రంధ్రంలో గ్రుచ్చే ఈ చిన్న పరికరం ఫోనులోని పాటను అతి స్వల్పశక్తిగల రేడియో తరంగాలుగా మార్చుతుంది. 87.5 నుండి 108 మెగాహెర్ట్జ్ వరకు గల ఎఫ్.ఎం. పరిధిలో ఖాళీగా ఉన్న చోట దానిని నిలిపి, రేడియోను అక్కడికే త్రిప్పాలి. పల్లెదారిలో ఇది బాగానే పనిచేస్తుంది. తిరుపతి వంటి నగరం సమీపించేసరికి అదే చోట మరొక స్టేషను బలంగా వినవచ్చి పాట మీద పడుతుంది. అప్పుడు డ్రైవరు దారి విడిచి మీట త్రిప్పవలసి వస్తుంది. అది ప్రమాదహేతువు.

మూడవది సీడీ ఛేంజరు ద్వారం. కొన్ని స్టీరియోల వెనుక, అనేక సీడీలను మార్చి మార్చి పాడించే వేరొక పెట్టెను కలుపుకొనడానికి ఒక ద్వారం ఉంటుంది. చాలామంది ఆ పెట్టెను కొనలేదు గనుక ద్వారం ఖాళీగానే మిగిలిపోయింది. దానికి ఫోనును కలపవచ్చు. అయితే ఆ పెట్టె తనకు తగిలించి ఉన్నదని స్టీరియో నమ్మితేనే ఆ ద్వారం తెరచుకొంటుంది. అందుకని, ఛేంజరు చెప్పవలసిన సమాధానాలను దాని బదులు చెప్పే అడాప్టర్లు తయారుచేశారు. స్టీరియోను తెరవకుండా మంచి నాణ్యతతో వినడానికి ఇది ఉత్తమమైన దారి; కాని ఆ ద్వారం అన్ని స్టీరియోలకూ ఉండదు.

నాలుగవది లోపలనే జాక్ అమర్చడం. పై మూడూ కుదరనప్పుడు, నేర్పరి అయిన మరమ్మతుదారుడు స్టీరియోను విప్పి, వాల్యూముకు ముందున్న చోటును వెదకి, అక్కడికి 3.5 మిల్లీమీటర్ల జాక్ నుండి వైర్లు కలుపుతాడు. తిరుపతి మరమ్మతుదారుడు ఎన్నుకొన్నది ఈ దారినే.

పని జరిగిన తీరు

ఆయన ముందుగా తండ్రిని ఒక ప్రశ్న అడిగాడు: “దీని కోడు నెంబరు ఉండాదా అన్నా?” కొన్ని స్టీరియోలలో దొంగల భయం వలన ఒక రహస్య సంఖ్య ఏర్పాటు ఉంటుంది. బ్యాటరీ సంబంధం తెగితే, ఆ సంఖ్య చెప్పేవరకు అవి పలకవు. కారు పుస్తకంలో ఆ సంఖ్య దొరికిన తరువాతనే ఆయన పానా చేతపట్టాడు. బ్యాటరీ నెగెటివ్ తీగను విప్పి ప్రక్కకు పెట్టాడు. పాజిటివ్ తీగను ముందు విప్పబోతే పానా కారు లోహానికి తగిలి నిప్పురవ్వలు లేచే ప్రమాదం ఉన్నది. 12 వోల్టుల బ్యాటరీ మనిషికి షాకు కొట్టకపోవచ్చు. కాని తీగలు నేరుగా కలుసుకొంటే వాటిని కాల్చివేయగల విద్యుత్తు అందులో ఉన్నది.

స్టీరియోను బల్ల మీదికి చేర్చి, 12 వోల్టుల విద్యుత్తు వేరుగా అందించి, ఆయన మొదట వాకిలి పని ముట్టుకోలేదు. “ముందు అవ్వ పాట” అన్నాడు. హెడ్‌ను స్పిరిటులో తడిపిన దూదితో తుడిచాడు. పాత అయస్కాంతపు పట్టీ ఎండవేడికి, తేమకు పొడిబారి రాలుతుంది; మురికి హెడ్ దానిని మరింత గీకుతుంది. క్యాసెట్టును నెమ్మదిగా ఒకసారి చివరి వరకు త్రిప్పి సడలించాడు. తరువాత టేపు సంకేతం వాల్యూముకు చేరే చోటు నుండి ఒక వైరు తీసి కంప్యూటరుకు కలిపాడు. నొక్కగానే అవ్వ గొంతు గది నిండింది. వెనుక వేరుసెనగ కాయలు చిటిలే చప్పుడు కూడా స్పష్టంగా వినిపించింది. ధ్వనిని కుదించని రూపంలో ఒక నకలు, ఫోనులో వినడానికి చిన్నదిగా కుదించిన మరొక నకలు సిద్ధమయ్యాయి. తండ్రి కిటికీ వైపు తిరిగి నిలుచున్నాడు.

అటు తరువాత జాక్ పని మొదలైంది. సంకేతాన్ని టేపు దారిలో కలపవలెనా, రేడియో దారిలో కలపవలెనా అని విద్యార్థి అడిగాడు. టేపు దారిలో కలిపితే, ఫోను విన్నంతసేపూ లోపల ఒక క్యాసెట్టు తిరుగుతూ ఉండవలసి వస్తుంది. మోటారు, రబ్బరు పట్టీలు వృథాగా అరిగిపోతాయి. కావున ఆయన రేడియో దారిని ఎన్నుకొన్నాడు. కుడి, ఎడమ ధ్వనులు వేరైన తరువాత, ఎంపిక జరిగే భాగానికి ముందు, ఆ రెండు మార్గాలను తెంచి జాక్ గుండా మరల్చాడు.

ఆయన వాడినది లోపల స్విచ్చులు కలిగిన జాక్. పిన్ను పెట్టనంతవరకు ఆ స్విచ్చులు మూసుకొని ఉండి, రేడియో ధ్వని ఎప్పటివలె ముందుకు సాగుతుంది. పిన్ను గ్రుచ్చగానే అవి విడివడి రేడియో ఆగిపోతుంది. ఫోను ధ్వని ఆ స్థానంలో ప్రవేశిస్తుంది. పిన్ను తీసివేస్తే స్టీరియో తయారైననాటి స్థితికి వస్తుంది. ఫోను పాడుతున్నప్పుడు స్టీరియో తెర మీద మాత్రం రేడియో స్టేషను సంఖ్యే కనిపిస్తూ ఉంటుంది.

ఫోను వైపు నుండి వచ్చే ఒక్కొక్క మార్గంలో ఆయన ఒక్కొక్క కెపాసిటరును అమర్చాడు. స్టీరియో లోపలి సంకేత మార్గాలలో కొన్ని వోల్టుల నిలకడ విద్యుత్తు ఉంటుంది. అది ఫోనులోకి పారకూడదు. కెపాసిటరు నిలకడ విద్యుత్తును అడ్డగించి, మారుతూ ఉండే ధ్వని సంకేతాన్ని మాత్రం పోనిస్తుంది. జల్లెడ పిండిని విడిచి పొట్టును పట్టినట్లు అది పనిచేస్తుంది. బయటి గోల సోకకుండా లోహపు తొడుగున్న వైరును, కారు లోహానికి తగులకుండా ప్లాస్టిక్కు శరీరం ఉన్న జాక్‌ను ఎన్నుకొన్నాడు. జాక్‌ను స్టీరియో ముఖానికి రంధ్రం వేసి కాక, క్రింది అరలో బిగించాడు.

నేడు అనేక ఫోనులకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రమే లేదు. అటువంటి ఫోనుల కోసం ఆ జాక్‌కు ఒక చిన్న బ్లూటూత్ రిసీవరును తగిలించవచ్చు. దానికి 5 వోల్టులు చాలు. కారు నడుస్తున్నప్పుడు విద్యుత్తు 14 వోల్టుల వరకు చేరుతుంది గనుక, తగ్గించి ఇచ్చే పరికరం లేకుండా దానిని నేరుగా కలుపరాదు. ఫోనును ఛార్జి చేస్తూ వైరు ద్వారా పాట వినేటప్పుడు ఇంజను వేగంతోపాటు హెచ్చే ఈల వంటి రొద ఒకటి వినిపించవచ్చు. విద్యుత్తుకు, ధ్వనికి ‘ఎర్తు’ రెండు దారులలో కలిసి వలయం ఏర్పడడమే దానికి కారణం. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు గల ‘గ్రౌండ్ లూప్ ఐసొలేటరు’ను నడుమ ఉంచితే ఆ వలయం తెగి, రొద ఆగిపోతుంది.

చేయరాని పనులు

ఈ వ్యాసం చదివిన ఉత్సాహంతో విద్యార్థులు స్వయంగా స్క్రూడ్రైవరు పట్టి కారులో దూరరాదు. తెలిసినవారి ప్రక్కన కూర్చుండి నేర్చుకోవాలి. కొన్ని నిషేధాలను మాత్రం అందరూ తెలుసుకొని ఉండడం మంచిది.

ఫ్యూజు కాలిపోతే దాని స్థానంలో మామూలు తీగ చుట్టరాదు. అంతకంటె ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు కూడా వేయరాదు. ఫ్యూజు తాను కాలి కారును కాపాడుతుంది. స్పీకరు తీగలలో ఏ ఒక్కదానినీ కారు లోహానికి కలుపరాదు. అనేక స్టీరియోలలో రెండు తీగలలోనూ విద్యుత్తు ఉంటుంది. తీగల రంగులను నమ్మి పని చేయరాదు; కంపెనీని బట్టి రంగులు మారుతాయి. మల్టీమీటరుతో కొలిచి తెలుసుకోవాలి. గాలిసంచులు గల కార్లలో వాటి తీగల జోలికి పోనేరాదు. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. కారు నడుపుతూ ఫోను చేతపట్టి పాటలు వెదకరాదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం దానిని ప్రమాదకరమైన డ్రైవింగుగా పరిగణిస్తున్నది. పాటల వరుసను బయలుదేరకముందే సిద్ధం చేసుకొని, ఫోనును ప్రక్కన ఉంచాలి.

మన ప్రాంతం – మన విద్య

ఈ విద్య చిత్తూరు, తిరుపతి ప్రాంతాల విద్యార్థులకు దూరమైనది కాదు. కారుకు ప్రాణం పోసే బ్యాటరీలను తయారుచేసే అమరరాజా సంస్థ 1985లో ఇక్కడనే పుట్టింది. తిరుపతి సమీపాన గల కరకంబాడిలో దాని కర్మాగారం ఉన్నది. ఆ సంస్థ కారు బ్యాటరీలకు 2000 సంవత్సరంలో ‘అమరాన్’ అనే పేరు పెట్టి విపణిలోకి తెచ్చింది. తమిళనాడు సరిహద్దులోని శ్రీసిటీలో 2015లో సెల్‌ఫోనుల తయారీ, 2016లో ఇసుజు వాహనాల తయారీ ఆరంభమైనాయి. బ్యాటరీ, ఫోను, వాహనం – మూడూ ఈ సీమలోనే రూపొందుతున్నప్పుడు, వాటిని ఒకదానితో ఒకటి కలిపే నేర్పు కూడా ఈ సీమ బిడ్డలకు ఉండడం ఉచితం. తయారుచేసే చేతులకు ఎంత గౌరవం ఉన్నదో బాగుచేసే చేతులకు కూడా అంత గౌరవం ఉండాలి.

తిరుగు ప్రయాణం

సాయంకాలానికి స్టీరియో తన స్థానానికి చేరింది. బ్యాటరీ తీగ బిగించి, కోడు సంఖ్య నొక్కగానే తెర వెలిగింది. మరమ్మతుదారుడు క్యాసెట్టును తండ్రి చేతికిచ్చి, “దీన్ని కారులో పెట్టబాకండి. ఎండకు పట్టీ చెడిపోతాది. ఇంట్లో చల్లని చోట నిలబెట్టి ఉంచండి” అని హెచ్చరించాడు.

విద్యార్థికి అప్పుడొక సందేహం కలిగింది. అవ్వ పాట ఫోనులోకి వచ్చింది కదా, ఇక ఈ పాత డెక్కుతో పని ఏమిటి? అతడు దానిని పైకి అనలేదు. ఆయనే గ్రహించినట్లున్నాడు. “నకలులో ఎప్పుడైనా లోటు కనబడితే మళ్లీ మూలం దగ్గరికే రావాల. అప్పుడు పాడేదానికి పెట్టె ఉండాల గదా!” అన్నాడు. రాగిరేకులను నేటికీ భద్రపరచడంలోని అంతరార్థం కూడా ఇదియే.

కారు తిరుపతి దాటి చంద్రగిరి దారి పట్టింది. విద్యార్థి ఫోను పిన్నును జాక్‌లో గ్రుచ్చాడు. అతని వేయి పాటలు అందులో ఉన్నాయి. అతడు మొదట నొక్కినది మాత్రం వాటిలో దేనినీ కాదు. వేరుసెనగ కాయలు చిటిలే చప్పుడు మధ్య, అవే పాత స్పీకర్లలో నుండి, అవ్వ పాట వినవచ్చింది. తండ్రి కారు వేగాన్ని తగ్గించాడు.

కఠిన పదాలు – అర్థాలు

పునరుద్ధరించు = తిరిగి చెల్లుబాటు అయ్యేటట్లు చేయు
భాండాగారం = విలువైన వస్తువులను దాచే గది
విపణి = అంగడి, సంత
మంద్రస్వరం = లోతైన, తగ్గు స్థాయి స్వరం
ప్రమాదహేతువు = ప్రమాదానికి కారణమైనది
అంతరార్థం = లోపలి భావం

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. పాత స్టీరియోకు కొత్త ధ్వనిని అందించే నాలుగు దారులను, వాటి గుణదోషాలను వివరించండి.
2. ‘గూడు మారింది, పాట నిలిచింది’ అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 5 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. ఫోను సంకేతాన్ని టేపు హెడ్‌కు గాని, స్పీకరు తీగలకు గాని ఎందుకు కలుపకూడదు?
2. మరమ్మతుదారుడు రేడియో దారిని ఎన్నుకొనడానికి కారణమేమి?
3. స్విచ్చులు కలిగిన జాక్ ఏ విధంగా పనిచేస్తుంది?

III. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. “గోడ పగలగొట్టకుండా వాకిలి పెడదాం.”
2. “ముందు అవ్వ పాట.”

IV. ప్రాజెక్టు పని
మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగు ఇండ్లలో గాని ఉన్న పాత క్యాసెట్లను పరిశీలించండి. వాటిలో మరెక్కడా దొరకని గొంతులు, పాటలు ఉన్నాయేమో పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పట్టిక తయారుచేయండి.